నర్సింగానికి అంతర్జాతీయ హోదా

జూలై పదిహేను, సోమవారం ఉదయం పదీ నలభైకి కాలేజీ నోటీసు బోర్డు మీద ప్రిన్సిపాల్ సంతకంతో ఒక ఉత్తర్వు అంటించారు. ఇకమీదట కాలేజీ విద్యార్థులెవరూ మోడల్ కొమ్ము నర్సింగాన్ని చూసి బొమ్మ గీయరాదు.

నర్సింగం దాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి తన పేరు ఎక్కడుందా అని చదివాడు. రెండోసారి తన తప్పు ఎక్కడుందా అని చదివాడు. పేరు మూడు చోట్ల ఉంది. తప్పు ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో మెట్రో స్తంభాల పక్కనున్న ఆ లలితకళల కాలేజీలో నర్సింగం ఇరవై ఆరేళ్లుగా మోడల్. లైఫ్ స్టడీ క్లాసులో ఎత్తు బల్ల మీద స్టూలు వేసుకుని కదలకుండా కూర్చుంటాడు. చుట్టూ ఉన్న పిల్లలు చూసి గీస్తారు. అదే ఆయన ఉద్యోగం. అంతకుముందు టింబర్ డిపోలో హమాలీ. ఒకనాడు కాలేజీకి కర్ర దింపడానికి వచ్చి, రసీదు కోసం గోడ పక్కన నిలబడ్డాడు. అప్పటి డ్రాయింగ్ సారు ఆ నిలబడటం చూసి, "ఇంకో అరగంట గట్లనే ఉంటవా?" అని అడిగాడు. ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు యాభై తొమ్మిది. ఆ డిపో ఉన్నచోట సెల్‌ఫోన్ల షోరూమ్ వచ్చింది.

నలభై అయిదు నిమిషాల పోజుకు నర్సింగానికి గడియారం అక్కర్లేదు. మనసులో ఉప్పల్‌లో బస్సెక్కుతాడు. రామంతపూర్, అంబర్‌పేట, బర్కత్‌పుర, నారాయణగూడ. ఒక్కో స్టాపులో ఎక్కేవాళ్లను ఎక్కనిస్తాడు, దిగేవాళ్లను దిగనిస్తాడు. మెహిదీపట్నం వచ్చేసరికి డ్రాయింగ్ లెక్చరర్ అబ్దుల్ జబ్బార్ "బ్రేక్" అంటాడు. ఇరవై ఆరేళ్లలో నర్సింగం రెండుసార్లు మధ్యలో దిగాడు. రెండుసార్లూ జ్వరం.

ఆయన నియామక పత్రం ఏటా సెప్టెంబర్ ముప్ఫైతో అయిపోతుంది. అక్టోబర్ ఒకటిన కొత్తది ఇస్తారు. ఇప్పటిదాకా ఇచ్చారు.

ఉత్తర్వుకు కారణం ఆ వేసవిలో ప్రమాణాల మండలి పెట్టిన నిబంధన. ప్రతి తరగతికీ ఒక విదేశీ భాగస్వామి ఉండాలి. లేని తరగతికి గుర్తింపు ఉండదు. కాలేజీ వెంటనే అంతర్జాతీయ సృజన భాగస్వామ్యాల విభాగం తెరిచి, డాక్టర్ హైమవతిని డైరెక్టర్‌గా నియమించింది. జూన్ నెలాఖరుకు ఆమె పదకొండు ఒప్పందాలు కుదిర్చారు. పెయింటింగ్ విభాగానికి ఒక దేశం దొరికింది, శిల్ప విభాగానికి రెండు దొరికాయి. లైబ్రరీకి ఒక ద్వీపంలోని లైబ్రరీతో ఒప్పందమైంది. అక్కణ్నుంచి వచ్చిన పుస్తకాల భాష ఇక్కడెవరికీ రాదు కాబట్టి అవి నలగవని లైబ్రేరియన్ లిఖితపూర్వకంగా సంతృప్తి తెలిపాడు. క్యాంటీన్ బోర్డు మీద ఇరానీ చాయ్ పేరు 'త్రిదేశీయ పానీయం' అయింది. చాయ్ మారలేదు.

మిగిలింది లైఫ్ స్టడీ. నర్సింగం ఉత్తర్వు నకలు చేత్తో పట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లాడు.

"మేడమ్, నేనేం తప్పు జేసిన?"

"తప్పేం లేదు నర్సింగం గారూ. మీరు లోకల్. అంతే."

"నేను పుట్టిన కాడికెంచి లోకలే గద మేడమ్."

"ప్రాబ్లమే అది. ఇరవై ఆరేళ్లుగా మిమ్మల్ని మన పిల్లలే గీస్తున్నారు. లోకల్ వాళ్లు లోకల్ వాళ్లని గీస్తే మండలి పాయింట్లు ఇవ్వదు. అంటే ఇరవై ఆరేళ్ల మీ కూర్చోవడంలో గ్లోబల్ వాల్యూ క్రియేట్ కాలేదు."

ఆమె కాగితం తీసి చదివారు. గీయువారును, గీయబడువారును ఒకే దేశమునందున్నచో అట్టి చిత్రము స్థానికముగా పరిగణింపబడును.

"అందుకని వోల్డెన్‌బర్గ్ అకాడమీతో టై-అప్ అయ్యాం. ఉత్తర సముద్రం పక్కన ఉంటుంది. మీరు ఇక్కడ కెమెరా ముందు కూర్చుంటారు, వాళ్ల పిల్లలు అక్కడ గీస్తారు. వాళ్ల మోడల్ అక్కడ కూర్చుంటుంది, మన పిల్లలు ఇక్కడ స్క్రీన్ మీద చూసి గీస్తారు. దేశం దాటని చూపు ఒక్కటి కూడా ఉండదు."

"మరి అక్టోబర్ ఒకటికి నా కాయితం?"

"సెప్టెంబర్‌లో మండలి కమిటీ వస్తుంది. మీ పోస్టులో ఇంటర్నేషనల్ కాంపోనెంట్ కనిపిస్తే రెన్యువల్. కనిపించకపోతే పోస్టే ఉండదు. మీరు సహకరించాలి."

"సహకరించుడంటే ఏం జెయ్యాలె?"

"కదలకూడదు."

అది తనకు వచ్చని నర్సింగం చెప్పాడు.

జూలై ఇరవై రెండున లైఫ్ స్టడీ గదికి అడ్డంగా ప్లైవుడ్ గోడ కట్టారు. అటువైపు నర్సింగం, స్టూలు, కెమెరా. ఇటువైపు ఇరవై ముగ్గురు విద్యార్థులు, ఒక పెద్ద స్క్రీన్. మధ్యాహ్నం రెండు గంటలకు స్క్రీన్ మీద వోల్డెన్‌బర్గ్ మోడల్ వచ్చింది. పేరు హిల్డా. అరవై దాటి ఉంటుంది. నీలం స్వెటర్ వేసుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పక్కన బల్ల మీద ఒక బేరిపండు ఉంది.

రెండూ అయిదుకు వోల్డెన్‌బర్గ్ నుంచి ఒక విన్నపం వచ్చింది. హారన్ల మోత భరించలేకపోతున్నామని, శబ్దం ఆపమని. ఆపారు. వాళ్ల విద్యార్థులను తెరమీద చూపడం వాళ్ల చట్టం ఒప్పుకోదని కూడా రాశారు. అందువల్ల ఇరువైపులా మోడల్ తప్ప మరేమీ కనిపించకుండా కెమెరాలు బిగించారు. కనెక్షన్ మళ్లీ మళ్లీ కలపాలంటే ప్రతిసారీ మూడు సంతకాలు కావాలి. కాబట్టి దాన్ని అసలు ఆపకూడదని, అఖండ దీపంలా వెలుగుతూనే ఉండాలని డైరెక్టర్ ఆదేశించారు. క్లాసు లేని వేళల్లో పరాయి స్త్రీని చూస్తూ ఉండటం మర్యాద కాదని, నాలుగింటికి స్క్రీన్ మీద దుప్పటి కప్పే ఏర్పాటు కూడా చేశారు.

ఆ మొదటిరోజు అంబర్‌పేట దగ్గర నర్సింగం ఎడమ కనుబొమ్మ మీద ఈగ వాలింది. మోడల్ ఈగను తోలడు. బర్కత్‌పుర దాకా అది అక్కడే ఉండి, తనంతట తానే పోయింది.

వారం తిరిగేసరికి కాలేజీ కొత్త పద్ధతికి అలవాటు పడింది. జబ్బార్ సార్ స్క్రీన్ ముందు నిలబడి పాఠం చెప్పేవాడు. ముప్ఫై ఏళ్లుగా ఆయన బోధించేది వెలుతురు. మూడో వారం చివర కూడా అదే పాఠం.

"దేఖో బేటా, ఆ చెంప మీద నీడ చూడు. ముప్పావుగంట అయింది, దారమంత కూడా జరగలే. ఉత్తరం దిక్కు వెలుతురు అంటే ఇదీ. పుస్తకాల్ల చదివిన, ఇవ్వాళ చూస్తున్న. మన సూర్యుడు ఉన్నాడే, ఆయనకు సబర్ లేదు. ముక్కు గీసేలోపల నీడ చెవి మీదికి పోతది."

మూడో సంవత్సరం చదివే సింధూజ చెయ్యి ఎత్తింది. "సార్, గా బేరిపండు మూడు వారాల సంది గట్లనే ఉన్నది."

"చలి దేశం బేటా. అక్కడ పండ్లు కూడా తొందరపడవు."

సింధూజ హిల్డా బొమ్మ పక్కన పెట్టింది. ప్లైవుడ్ గోడకు మేకు ఊడిన చోట ఒక కన్నం ఉంది. జబ్బార్ సార్ అటు తిరిగినప్పుడు ఆమె కన్నంలోంచి చూసి నర్సింగం చెవి గీయడం మొదలుపెట్టింది.

"అన్నా, గట్లనే ఉండు," అంది గోడలోంచి.

"నేనేడికి పోత బిడ్డా," అన్నాడు నర్సింగం పెదవి కదపకుండా. "పో, ఆమెను గియ్యి. మేడమ్ చూస్తే లొల్లి."

"ఆమెను పద్దెనిమిది సార్లు గీసిన. నిద్రల లేపినా గీస్త. నిన్ను గీస్తే కేసంటనే? నువ్వు గింత డేంజర్ మనిషివని నాకు ఎరుకనే లేదు."

డైరెక్టర్ అదే సమయానికి పర్యవేక్షణకు వచ్చారు. చెవి సగం అయింది. సగం చెవి ఉన్న కాగితాన్ని కవరులో పెట్టి లక్క సీలు వేశారు. 'స్థానిక వీక్షణ' నేరం మీద సింధూజకు మెమో ఇచ్చారు. కన్నానికి టేపు అంటించారు.

ఆగస్టు పదమూడు, మంగళవారం. నర్సింగం ముందురోజు మర్చిపోయిన తువ్వాలు కోసం ఉదయం పదకొండింటికి గదిలోకి వచ్చాడు. తువ్వాలు స్క్రీన్ వెనక పడి ఉంది. తీస్తుంటే దుప్పటి జారింది. హిల్డా కూర్చుని ఉంది.

ఆయన ఇబ్బందిపడి దుప్పటి కప్పేశాడు. పన్నెండింటికి మళ్లీ వచ్చి అంచు ఎత్తి చూశాడు. కూర్చునే ఉంది. సాయంత్రం అయిదున్నరకు చూశాడు. మోకాలి మీద చెయ్యి కూడా తియ్యలేదు. అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక అని పిల్లలు చెప్పగా విన్నాడు. పదకొండులోంచి మూడున్నర తీసేశాడు. ఏడున్నర వచ్చింది.

"జబ్బార్ సార్, గా యమ్మను పొద్దుగాల ఏడున్నరకే కూసోబెడుతుండ్రు," అన్నాడు మర్నాడు. "బ్రేకు కూడా ఇస్తలేరు."

"యూరప్ వాళ్లు, నర్సింగం భాయ్. పని అంటే పనే."

"పనైతే మాత్రం? కాళ్లు తిమ్మిరెక్కుతయ్ సార్. గా వయసుల నడుము పట్టేస్తది. మూత్రానికన్న లేవాలె గద మనిషి."

నర్సింగం డైరెక్టర్ దగ్గరికి వెళ్లాడు. తనకు ఏమీ వద్దని, ఆ యమ్మకు జర బ్రేకు ఇప్పియ్యమని అడిగాడు. డైరెక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన మాటలు రాసుకున్నారు. ఆగస్టు సంచిక న్యూస్‌లెటర్‌లో 'సరిహద్దులు దాటిన శ్రామిక సహానుభూతి' అనే శీర్షికతో అవి వచ్చాయి. మండలి దానికి రెండు పాయింట్లు ఇచ్చింది. వోల్డెన్‌బర్గ్‌కు మాత్రం ఎవరూ రాయలేదు. భాగస్వామి పని సంస్కృతిని ప్రశ్నించడం ఒప్పందంలోని ఏడో షరతుకు విరుద్ధం.

నర్సింగం ఆ తర్వాత రోజూ కూర్చునే ముందు ప్లైవుడ్ దాటి పిల్లల వైపు వెళ్లి హిల్డాకు నమస్కారం పెట్టి వచ్చేవాడు.

ఆగస్టు ఇరవై తొమ్మిదిన వోల్డెన్‌బర్గ్ నుంచి పార్సిల్ వచ్చింది. అక్కడి విద్యార్థులు అయిదు వారాల పాటు గీసిన నర్సింగం బొమ్మలు, ఇరవై రెండు. వాటిని వరండాలో వరసగా వేలాడదీసి, ప్రిన్సిపాల్ డాక్టర్ లోకనాథం రిబ్బను కత్తిరించారు. నర్సింగాన్ని ముందు వరసలో నిలబెట్టారు.

బొమ్మల్లో నర్సింగం ఉన్నాడు. ఎడమ కనుబొమ్మ మీద ఈగ ఉంది. ఇరవై రెండింటిలో పందొమ్మిదింట ఉంది. రెండు బొమ్మల్లో మరక అనుకుని వదిలేసినట్టున్నారు. ఒక బొమ్మలో ఈగ మాత్రమే ఉంది, మూడడుగుల ఎత్తున. దాని వెనక ఎక్కడో నర్సింగం చెవి కనిపిస్తోంది.

బొమ్మలతోపాటు అక్కడి ప్రొఫెసర్ రాసిన వ్యాసం కూడా వచ్చింది. డైరెక్టర్ దాన్ని తెలుగు చేసి వినిపించారు. "ఈ ఈగ కేవలం ఈగ కాదు. ఇది ఉష్ణమండలపు ఓర్పుకు సంకేతం. దాన్ని తోలకపోవడంలో ఒక నాగరికత ఉంది."

చప్పట్లు కొట్టారు. నర్సింగం కొట్టలేదు. ఆయన ఈగను చూస్తున్నాడు. ఆ అయిదు వారాల్లో చాలా ఈగలు వాలాయి. ముక్కు మీద వాలాయి, చెయ్యి మీద వాలాయి. ఎడమ కనుబొమ్మ మీద వాలింది ఒక్కటే, ఒక్క రోజే. అంబర్‌పేట నుంచి బర్కత్‌పుర దాకా.

మర్నాడు రెండూ పదికి నర్సింగం పోజులో కూర్చున్నాడు. రెండూ పన్నెండుకు చెయ్యి ఎత్తి ముక్కు గోక్కున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. లేచి నిలబడ్డాడు. కెమెరా ముందు అటూ ఇటూ నడిచాడు. క్యాంటీన్‌కు వెళ్లి త్రిదేశీయ పానీయం తాగి వచ్చాడు. వోల్డెన్‌బర్గ్ నుంచి ఫిర్యాదు రాలేదు. అప్పుడు ప్లైవుడ్ దాటి వచ్చి, పిల్లల మధ్యలోంచి నడిచి, స్క్రీన్‌కు జానెడు దూరంలో నిలబడి హిల్డా కళ్లలోకి చూశాడు.

"నర్సింగం భాయ్, ఏం చేస్తున్నవ్? క్లాసు నడుస్తుంది," అన్నాడు జబ్బార్ సార్.

"సార్, ఈమె రెప్ప కొడుతలేదు."

"మంచి మోడల్ కొట్టదు."

"నేను ఇరవై ఆరేండ్ల సంది మోడల్‌ను సార్. నేను కొడత."

జబ్బార్ సార్ కుర్చీ లాక్కుని స్క్రీన్ ముందు కూర్చున్నాడు. ఏడు నిమిషాలు చూశాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"యా అల్లా," అన్నాడు. "అయిదు వారాలు ఆగిపోయిన బొమ్మకు వెలుతురు పాఠం చెప్పిన."

వెనక వరసలో ఎవరో నవ్వారు. జబ్బార్ సార్ తిరిగి చూడలేదు. నర్సింగం మాత్రం హిల్డాను చూస్తూ, "పోనీ తియ్యి. ఇంటికి పోయిందన్నమాట," అన్నాడు.

కనెక్షన్ మొదటిరోజే రెండూ ఇరవై ప్రాంతంలో రెండువైపులా స్తంభించిందని తర్వాత తేలింది. కారణం నిర్ధారణ కాలేదు.

ఇక ప్లైవుడ్ తీసేస్తారని, పిల్లలు మళ్లీ తనను గీస్తారని నర్సింగం అనుకున్నాడు. సెప్టెంబర్ పది, మంగళవారం పదకొండున్నరకు ప్రిన్సిపాల్ గదిలో సమావేశం పెట్టారు. ప్రిన్సిపాల్, డైరెక్టర్, జబ్బార్ సార్ బల్ల చుట్టూ కూర్చున్నారు. నర్సింగాన్ని సాక్షిగా తలుపు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఈ విషయం ఈ గది దాటి వెళ్లకూడదు," అన్నారు ప్రిన్సిపాల్. "పదమూడు రోజుల్లో కమిటీ వస్తోంది. మన సంస్థ ప్రతిష్ఠకు సంబంధించిన సమస్య."

"సార్, దీన్ని ఫెయిల్యూర్‌గా ఫ్రేమ్ చేయకూడదు," అన్నారు డైరెక్టర్. "డేటా చూడండి. అయిదు వారాలు, రెండు దేశాలు, నలభై అయిదు మంది విద్యార్థులు. ఒక్క కంప్లయింట్ లేదు. పైగా ఒక వ్యాసం కూడా వచ్చింది. దీన్నిబట్టి మనకు ఏం ప్రూవ్ అయింది? బొమ్మ సరిపోతుంది."

"అంటే?"

"మూలవ్యక్తి అదనం."

జబ్బార్ సార్ లేచాడు. "మేడమ్, ముందర మనిషి కూర్చుంటేనే అది లైఫ్ స్టడీ. ఊపిరి తీస్తే భుజం లేస్తది, దిగుతది. పిల్లలు నేర్చుకునేది అదే."

"జబ్బార్ గారూ, లైఫ్ అనే పదానికి మండలి నిర్వచనం ఇవ్వలేదు."

ప్రిన్సిపాల్ తీర్మానం చెప్పారు. డైరెక్టర్ రాసుకున్నారు. నర్సింగము యొక్క చిత్రము వచ్చే సంవత్సరమునకు కూడా కొనసాగును. నర్సింగము కొనసాగనవసరము లేదు.

తలుపు పక్కన నర్సింగం ఉన్నాడన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఆరేళ్లుగా ఆయన ఉన్న గదుల్లో అదే జరుగుతోంది. ఆయన ముందు లెక్చరర్లు సెలవు చీటీల గురించి అబద్ధాలు చెప్పుకున్నారు, పిల్లలు ప్రేమించుకున్నారు, ఇద్దరు ప్రిన్సిపాళ్లు ఏడ్చారు. కదలని మనిషికి చెవులు ఉండవనుకుంటారు.

ప్రిన్సిపాల్ కమిటీకి పంపాల్సిన ఫారం నింపడం మొదలుపెట్టారు. ఎనిమిది గళ్లు నిండాయి. తొమ్మిదో గడి దగ్గర కలం ఆగింది.

"హైమవతి గారూ, ఇది చూడండి. 'ఇరుసంస్థల నడుమ మార్పిడి చేసుకొనిన వ్యక్తుల సంఖ్య. చిత్రములు, వీడియోలు, ప్రసారములు వ్యక్తులుగా పరిగణింపబడవు. సంఖ్య సున్నా అయినచో తరగతి గుర్తింపు రద్దగును.'"

డైరెక్టర్ ఫారం తీసుకుని చదివారు. తిప్పి వెనక కూడా చదివారు. వెనక ఏమీ లేదు. పదమూడు రోజుల్లో ఎవర్నీ ఎక్కడికీ పంపలేమని ఆమెకు తెలుసు. వీసా కాగితాలకే నెల పడుతుంది.

"సార్, ఒక మాట," అన్నాడు నర్సింగం.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"గా యమ్మను మన రిజిస్టర్ల రాసుకోండ్రి. నన్ను ఆళ్ల రిజిస్టర్ల రాసుకొమ్మనుండ్రి. అప్పుడు ఆమె మన మనిషి, నేను ఆళ్ల మనిషి. ఇద్దరం మారినట్టే గద."

"మారడమంటే నువ్వు అక్కడికి వెళ్లాలి కదయ్యా," అన్నారు ప్రిన్సిపాల్. "నువ్వు ఇక్కడే ఉంటావు."

"ఉంట. ఆళ్ల మనిషిని ఈడికి వచ్చినట్టు. ఆమె మన మనిషి ఆడికి పోయినట్టు."

డైరెక్టర్ మెల్లగా లేచి నిలబడ్డారు.

"సార్. అప్పుడు మన పిల్లలు ఈయన్ని గీస్తే..."

"విదేశీయుణ్ని గీసినట్టు," అన్నారు ప్రిన్సిపాల్.

"పాయింట్లు కూడా పూర్తిగా వస్తాయి సార్. ఫిజికల్ ప్రెజెన్స్‌కి బోనస్ ఉంది."

జబ్బార్ సార్ నర్సింగం ముఖం చూసి కూర్చున్నాడు.

పన్నెండింటికి వోల్డెన్‌బర్గ్‌కు ఫోన్ చేశారు. ఏడు వారాల్లో రెండు సంస్థలూ మాట్లాడుకోవడం అదే మొదలు. అక్కడి డైరెక్టర్ సంగతి విన్నాడు. తమ ప్రభుత్వం ఇచ్చిన ఫారంలో కూడా అలాంటి గడి ఉందని, అక్కడ అది పద్నాలుగోదని చెప్పాడు. నాలుగు నిమిషాల్లో ఒప్పందం కుదిరింది. కనెక్షన్ స్తంభించిన సంగతి వీళ్లు చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

సెప్టెంబర్ పన్నెండున ప్లైవుడ్ తీసేశారు. అదేరోజు నర్సింగానికి కొత్త నిబంధనల కాగితం అందింది. విదేశీ అతిథి కనుక సిబ్బంది గేటు వాడరాదు. అతిథుల గేటులోంచి వచ్చి, రోజూ సందర్శకుల పుస్తకంలో సంతకం చేయాలి. ఆ గేటు దగ్గర వాచ్‌మన్ మైసయ్య ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఒకే అగ్గిపెట్టెతో బీడీలు ముట్టించుకుంటున్నారు.

"ఏందే నర్సింగం, ఇండియాకు ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు మైసయ్య పుస్తకం తెరిచి.

"ఇప్పుడే. నూట పదమూడు నంబరు బస్సుల."

"ఏ దేశం అని రాయాలె?"

"వోల్డెన్‌బర్గ్ అని రాయి. అది ఊరో దేశమో నాకు ఎరుక లేదు."

"ఎందుకొచ్చినవని అడుగుతున్నది ఈడ."

"కూసునేందుకు."

మైసయ్య అలాగే రాశాడు. లేచి సెల్యూట్ కూడా కొట్టాడు. అతిథులకు కొట్టాలని కాగితంలో ఉంది.

సెప్టెంబర్ ఇరవై మూడు, సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు మండలి కమిటీ లైఫ్ స్టడీ గదిలోకి వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక చైర్మన్. నర్సింగం పంచె, బనీనుతో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ముగ్గురూ గీస్తున్నారు. డైరెక్టర్ పరిచయం చేశారు.

"సార్, వోల్డెన్‌బర్గ్ అకాడమీ ఎక్స్‌చేంజ్ మోడల్."

చైర్మన్ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "పంచె కూడా కట్టించారా! సంపూర్ణ సాంస్కృతిక విలీనం అంటే ఇది. మిగతా కాలేజీలు సూటు వేసి కూర్చోబెడుతున్నాయి."

"మా విజన్ అదే సార్."

"ఒంటి రంగు..." అన్నాడు ఒక సభ్యుడు.

"మన ఎండ సార్," అన్నాడు జబ్బార్ సార్.

సభ్యుడు రాసుకున్నాడు. చైర్మన్ నర్సింగం ముందు వంగి, ఒక్కో మాటా విడదీసి, చేతులతో చూపిస్తూ, మన దేశం ఎలా ఉందని ఇంగ్లీషులో అడిగారు. నర్సింగం కదల్లేదు. అప్పటికి బస్సు నారాయణగూడ దాటలేదు. చైర్మన్ మళ్లీ అడిగారు. ప్రిన్సిపాల్ తలుపు వైపు ఒక అడుగు వేశారు. మోడల్ పోజులో ఉంటే మాట్లాడడని చెప్పడానికి జబ్బార్ సార్ నోరు తెరిచాడు. అంతలో చైర్మన్ తెలుగులో, ఎవరితోననీ కాకుండా, "పాపం, అర్థమవుతున్నట్టు లేదు," అన్నారు.

"మంచిగున్నది సార్ మీ దేశం," అన్నాడు నర్సింగం. "ఎండనే జర ఎక్కువ."

గదిలో చార్కోల్ చప్పుడు ఆగిపోయింది. సింధూజ పెదవి కొరుక్కుంది. డైరెక్టర్ బల్ల అంచు పట్టుకున్నారు.

"తెలుగు నేర్పారా!" అన్నారు చైర్మన్. "ఎన్నాళ్లయింది వచ్చి?"

"పదకొండు రోజులు సార్," అన్నారు డైరెక్టర్. తేదీల ప్రకారం అది నిజం.

"పదకొండు రోజుల్లో! అద్భుతం." చైర్మన్ ఇంకోసారి నర్సింగాన్ని పరిశీలనగా చూశారు. "ఉచ్చారణ ఇంకా కొంచెం మెరుగుపడాలి. మన భాషలా లేదు. ఫరవాలేదు, ఏడాది ఉంటే వచ్చేస్తుంది."

"ఏడాది ఉండాలంటారా సార్?" అన్నాడు జబ్బార్ సార్.

"తప్పకుండా. రాయండి. ఈయన సేవలు ఒక సంవత్సరం కొనసాగించాలని కమిటీ సిఫార్సు."

సభ్యుడు రాశాడు. కమిటీ శిల్ప విభాగానికి వెళ్లింది. అక్కడ రెండు దేశాలు ఎదురుచూస్తున్నాయి.

సెప్టెంబర్ ముప్ఫైన, సాయంత్రం నాలుగున్నరకు, నర్సింగం నియామక పత్రం వచ్చింది. 'విజిటింగ్ అంతర్జాతీయ మోడల్. కాలపరిమితి ఒక సంవత్సరం.' కింద ఒక గమనిక ఉంది. పాస్‌పోర్టు నకలు మర్నాటిలోగా ఆఫీసులో అందజేయనిచో నియామకము చెల్లదు.

అక్టోబర్ ఒకటి, మంగళవారం. ఉదయం పదకొండింటికి నర్సింగం చేరిక ఫారంతో ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. జబ్బార్ సార్ పక్కనే ఉన్నాడు.

"పాస్‌పోర్టు," అన్నాడు గుమస్తా.

"లేదు సార్. ఆధార్ ఉన్నది."

"విదేశీయులకు ఆధార్ చెల్లదు."

"నాకు వేరేది లేదు గద."

"భాయ్, ఫారం వెనక చూడు," అన్నాడు జబ్బార్ సార్ గుమస్తాతో. "పాస్‌పోర్టు లేదా ఫొటో ఉన్న ఏదేని గుర్తింపు అని ఉంది."

గుమస్తా ఫారం తిప్పి చదివాడు. లోపలికి వెళ్లి సూపరింటెండెంట్‌ను అడిగాడు. సూపరింటెండెంట్ కూడా చదివాడు. గుమస్తా తిరిగి వచ్చి, కార్డు మీది ఫొటోను, నర్సింగాన్ని మార్చి మార్చి చూశాడు. జిరాక్స్ తీసి కార్డు వెనక్కిచ్చాడు.

పదకొండూ ఇరవైకి ఆ ఆధార్ జిరాక్స్ మీద 'విదేశీయుడు' అని ముద్ర వేసి, నర్సింగానికి రసీదు ఇచ్చాడు.